కొబ్బరిచెట్టుకి తీగ కట్టి దూరపు రేడియో స్టేషన్లు పట్టడం ఎలా

ముందు నా పొరపాటు చెప్తాను, లేకపోతే మీరూ నాలాగే రెండొందలు వదిలించుకుంటారు. షార్ట్ వేవ్ ఉన్న రేడియో కొన్న కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, అరుగు మీద కూర్చుని 49 మీటర్ల బ్యాండు పెట్టాను. గరగర తప్ప ఏమీ లేదు. ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు తిప్పినా అంతే. మర్నాడు బజారులో ఒక మెకానిక్‌కి ఇచ్చాను. ఆయన విప్పి, లోపల ఏదో స్ప్రే కొట్టి, సర్వీసింగ్ అయిందన్నాడు. చీకటి పడ్డాక ఇంటికి తెచ్చి పెడితే వరసగా స్టేషన్లే స్టేషన్లు. మెకానిక్ చేతిలో మహత్తు ఉందని ఊరంతా చెప్పాను. మూడోరోజు మధ్యాహ్నం మళ్లీ అదే గరగర.

రేడియోకి ఏ జబ్బూ లేదు. నేను పెట్టిన టైము తప్పు. దూరపు స్టేషన్ మనదాకా వచ్చేది తీగల మీదో, ఉపగ్రహం మీదో కాదు, ఆకాశంలో ఒక పొరకి తగిలి కిందికి దిగి వస్తుంది. ఆ పొరకి పగలొక తీరు, రాత్రొక తీరు. అది తెలిస్తే శ్రీకాకుళం జిల్లా తీరాన మా ఉద్దానంలో కొబ్బరితోట మధ్య కూర్చుని చైనా గడియారం టిక్కుటిక్కుమనడం వినొచ్చు. ఎలాగో చెప్తాను.

పైన ఏముందో కాస్త తెలుసుకోండి

నేల మీద నుంచి 60 కిలోమీటర్లు దాటాక గాలి బాగా పల్చబడుతుంది. అక్కడ సూర్యుడి అతినీల కిరణాలు, ఎక్స్ కిరణాలు గాలి అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా ఊడిన ఎలక్ట్రాన్లతో నిండిన ప్రాంతమే అయనావరణం, అంటే అయనోస్ఫియర్. అందులో కింది నుంచి పైకి డి, ఇ, ఎఫ్ అని మూడు అంతస్తులు. డి పొర 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఇ పొర 100 కిలోమీటర్ల చుట్టుపక్కల, ఎఫ్ పొర ఇంకా పైన 200 నుంచి 400 దాకా ఉంటుంది.

అద్దానికి వెలుగు తగిలినట్టు రేడియో తరంగం ఆ పొరకి తగిలి వెనక్కి వస్తుందని పుస్తకాల్లో బొమ్మ వేస్తారు. అసలు జరిగేది అది కాదు. మే నెలలో పలాస దగ్గర హైవే మీద వెళ్తుంటే ముందు తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపిస్తాయి కదా, ఆ ఎండమావి లాంటిది. వేడెక్కిన గాలిలో వెలుగు కొంచెం కొంచెంగా వంగి, చివరికి పైకి తిరిగి మన కంట్లో పడుతుంది. రేడియో తరంగం కూడా అంతే. పైకి వెళ్లేకొద్దీ ఎలక్ట్రాన్లు పెరుగుతాయి కాబట్టి వంగుతూ వంగుతూ కిందికి తిరిగిపోతుంది. ఎండమావి నేల దగ్గర, ఇది నెత్తి మీద, అదొక్కటే తేడా.

డి పొర మాత్రం దొంగ. పై పొరలతో పోలిస్తే అక్కడ గాలి ఇంకా చిక్కగానే ఉంటుంది. తరంగం వచ్చి ఎలక్ట్రాన్లను ఊపితే అవి పక్క అణువులను గుద్దుకుని, తరంగంలో ఉన్న శక్తి కాస్తా వేడిగా మారిపోతుంది. ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువైతే నష్టం అంత ఎక్కువ. అందుకే మధ్యాహ్నం మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు ఉండవు, నా 49 మీటర్ల బ్యాండూ చచ్చిపోయింది. సూర్యుడు దిగిపోగానే డి పొర కాసేపట్లోనే కరిగిపోతుంది. ఎఫ్ పొరలో గాలి పల్చన కాబట్టి విడిపోయిన ఎలక్ట్రాన్లకి మళ్లీ జత దొరకడం ఆలస్యం, అది రాత్రంతా నిలుస్తుంది. దారిలో దొంగ పోయాడు, పైన కప్పు మిగిలింది. తరంగాలకి ఇంకేం కావాలి?

ఇదంతా ఎవరో ఒక్కరోజులో కనిపెట్టింది కాదు. 1901 డిసెంబరులో మార్కోనీ ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ అవతలి న్యూఫౌండ్‌లాండ్‌కి సిగ్నల్ పంపినప్పుడు, భూమి గుండ్రంగా ఉంటే తరంగం అంత దూరం ఎలా వచ్చిందని అందరూ తల పట్టుకున్నారు. పైన విద్యుత్తు ప్రవహించగల పొర ఉండాలని 1902లో కెన్నెలీ, హెవీసైడ్ విడివిడిగా చెప్పారు. ఉందని 1924లో ఆపిల్టన్ ప్రయోగం చేసి చూపించాడు, 1947లో నోబెల్ తీసుకున్నాడు. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర ఈ చదువుకి పునాది వేశారు. మనకి దగ్గరలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కూడా ఈ పొరల మీద ఏళ్ల తరబడి పని జరిగింది.

రేడియో, తీగ

రేడియో కొనేటప్పుడు ఎఫ్ఎం ఒక్కటే ఉన్నది తీసుకోకండి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ రెండూ ఉండాలి. ముల్లు తిప్పేదైనా పనికొస్తుంది గానీ, అంకెలు కనిపించే డిజిటల్ అయితే సగం శ్రమ తగ్గుతుంది. సెల్స్‌తో నడిచేదై ఉండాలి. కరెంటు అడాప్టరే పెద్ద గోల, దాని సంగతి తరువాత.

రేడియోకి ఉన్న స్టీలు పుల్ల చాలదు. బయట పది నుంచి పదిహేను మీటర్ల తీగ కట్టాలి. ప్లాస్టిక్ తొడుగున్న మామూలు వైరింగ్ తీగ చాలు. పాత మోటారులోంచి తీసిన వైండింగ్ తీగ కూడా పనికొస్తుంది, కాకపోతే దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది, రేడియోకి తగిలించే చివర బ్లేడుతో బాగా గీకి రాగి మెరిసేలా చేయండి. నేను మొదటిసారి గీకడం మరిచి, రెండు రోజులు తీగనే తిట్టుకున్నాను.

తీగ చివర నేరుగా చెట్టుకి చుట్టేయకండి. అరచేయంత పీవీసీ పైపు ముక్కకి రెండు వైపులా బెజ్జం పెట్టి, ఒక బెజ్జానికి తీగ, రెండో బెజ్జానికి నైలాన్ తాడు కట్టండి. ఆ తాడు చెట్టుకి పోతుంది. కొబ్బరిచెట్టు గాలికి ఊగుతుందని మరిచిపోవద్దు, తీగని వీణ తంత్రిలా బిగిస్తే మొదటి గాలివానకే తెగుతుంది. కాస్త వేలాడేలా వదలండి. రెండో చివర ఇంటి వైపు దించి, మొసలి క్లిప్పుతో రేడియో స్టీలు పుల్లకి తగిలిస్తే అయిపోయింది. నాకు తీగ కట్టిపెట్టింది మా తోటలో కాయలు కోసే కుర్రాడు. చెట్టు మీంచే అడిగాడు: "ఏటి మాఁవా, ఇంత పైకి కడతన్నావు, బట్టలు ఎలాగ ఆరేస్తావు?"

రెండు జాగ్రత్తలు ఆటలో అరటిపండు లాంటివి కావు. కరెంటు తీగల పైనుంచి గానీ, కింద నుంచి గానీ, పక్కనుంచి గానీ ఈ తీగ పోకూడదు; తెగి పడినా వాటికి తగలనంత దూరం ఉండాలి. రెండోది పిడుగు. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే పిడుగు పడని రోజు తక్కువ. ఉరుము వినపడక ముందే, మబ్బు కనిపించినప్పుడే క్లిప్పు తీసి తీగని ఇంటి బయట వదిలేయండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు.

మొదటి సాయంత్రం: మీడియం వేవ్

షార్ట్ వేవ్ జోలికి ఇప్పుడే పోకండి. డి పొర కరగడం చెవులతో వినాలంటే మీడియం వేవ్ కంటే మంచి పాఠం లేదు. దీనికి బయటి తీగ కూడా అక్కర్లేదు, రేడియో లోపలున్న ఫెర్రైట్ కడ్డీయే ఏరియల్. అందుకే రేడియోని చేతిలో పట్టుకుని గుండ్రంగా తిప్పితే ఒక దిక్కున గొంతు పెరుగుతుంది, ఒక దిక్కున పడిపోతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఒక రోజు ఎంచుకోండి. ఎండాకాలంలో ఎక్కడో మెరిసిన మెరుపులన్నీ రేడియోలో టపటపమంటాయి, చిరాకు. డిసెంబరులో మన వైపు ఐదున్నర లోపే పొద్దు గూకిపోతుంది, కాబట్టి నాలుగున్నరకే డాబా ఎక్కి కూర్చోండి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. డిజిటల్ రేడియో అయితే 531 నుంచి మొదలుపెట్టి 9 చొప్పున 1602 దాకా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, గొంతు వినపడిన ప్రతి చోటా నోటుబుక్కులో అంకె రాయండి. పావుగంటకి ఒకసారి మళ్లీ మొదటి నుంచి.

ఎండ ఉండగా రాసిన వరస చిన్నది. విశాఖపట్నం 927 దగ్గర ఉంటుంది; అది నేలనీ సముద్రాన్నీ అంటిపెట్టుకుని వచ్చే తరంగం, దానికి ఆకాశంతో పని లేదు. అలాంటివి ఇంకో ఒకటో రెండో. పొద్దు గూకాక చూడండి. ఇందాక ఉత్త గరగర ఉన్నచోట ముందు ఒక ఈలలాంటి కూత, తరువాత గుసగుస, ఇంకో పావుగంటకి స్పష్టంగా తమిళమో బెంగాలీయో హిందీయో. ఏడయ్యేసరికి ఒకే అంకె మీద ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, పెళ్లింట్లో పంక్తి భోజనాల దగ్గరలాగ. మా ఆవిడ ఒకరోజు టీ ఇవ్వడానికి వచ్చి కాసేపు నిలబడి, "ఏటండీ, ఆ గోలలో మీకేటి ఇనిపిస్తాది?" అంది. నాకు వినిపించింది ఆ గోలే. పగలంతా దారి మూసుకున్న గొంతులన్నీ ఒక్కసారి మా డాబా మీద వాలాయి.

నోటుబుక్కులో ఆ వరస పెరగడం చూశారంటే, డి పొర ఎప్పుడు పోయిందో మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

రెండో పాఠం: మూడు అంకెలు

ఇప్పుడు బయటి తీగ తగిలించండి. షార్ట్ వేవ్‌లో 5000, 10000, 15000 కిలోహెర్ట్జ్, ఈ మూడు గుర్తు పెట్టుకోండి. వీటి మీద పాటలు, వార్తలు ఉండవు. సెకనుకో టిక్కు కొడుతూ సరైన సమయం చెప్పే స్టేషన్లు ఉంటాయి. మనకి దగ్గరది చైనా వాళ్ల బీపీఎం, పుచెంగ్ అనే చోట ఉంది, మన తీరం నుంచి సుమారు మూడు వేల కిలోమీటర్లు. అంతకంటే దూరంవి కూడా కొన్ని ఇవే అంకెల మీద ఉన్నాయి కాబట్టి వినపడింది ఏదో తేల్చుకోవాలంటే 29వ నిమిషం, 59వ నిమిషం దగ్గర ఆగండి. బీపీఎం అయితే మోర్స్‌లో అంటే పొట్టి పొడుగు కూతల్లో పేరు కొట్టి, ఆ వెనక చైనీస్‌లో ఆడ గొంతు పలుకుతుంది.

ఒకే స్టేషన్ మూడు ఫ్రీక్వెన్సీల మీద ఉండటంలోనే ఉపయోగం ఉంది. దూరం మారలేదు, దిక్కు మారలేదు, మన తీగ మారలేదు. మారేది ఆకాశం ఒక్కటే. ఒక సెలవు రోజున ఉదయం ఆరింటికి, పది గంటలకి, రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి మూడూ విని సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేయండి. మధ్యాహ్నం 5000కి సున్నా వస్తుంది, దాన్ని డి పొర మింగేస్తుంది. 15000 పగటిపూట బలంగా ఉంటుంది. రాత్రి 5000 లేచి కూర్చుంటుంది. 10000 ఈ రెండింటికీ మధ్య సంధి చేసేది, ఎక్కువ గంటలు పలుకుతుంది. బీపీఎం 15000 మీద మన టైములో ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకానే ఉంటుంది కాబట్టి సాయంత్రం అది లేకపోతే ఆకాశాన్ని అనుమానించకండి.

మూడు వేల కిలోమీటర్లంటే ఎఫ్ పొరకి ఒక్క గెంతు. ఒక గెంతులో ఎక్కువలో ఎక్కువ నాలుగు వేల దాకా పోవచ్చు. అంతకు మించితే తరంగం కిందికి దిగి, నేలకో సముద్రానికో తగిలి మళ్లీ పైకి లేవాలి. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించాం కదా, అలాగ. ఉప్పునీరు నేలకంటే బాగా తిప్పికొడుతుంది. తూర్పున, దక్షిణాన బంగాళాఖాతం ఉన్న మనకి అది కలిసొచ్చే సంగతి.

గెంతు మధ్యలో ఉన్నవాళ్లకి మాత్రం ఏమీ వినపడదు. అందుకే 300 కిలోమీటర్లలో ఉన్న షార్ట్ వేవ్ స్టేషన్ మనకి అందకుండా, 3000 అవతలిది గణగణమంటుంది. పెంకు గెంతినప్పుడు దానికి తగలని నీళ్లలా మనం ఆ మధ్యలో పడిపోతాం.

ఏ వేళకి ఏ బ్యాండు

ఇక అసలు వినడం. పొద్దున్న పది నుంచి సాయంత్రం నాలుగు దాకా 19, 16, 13 మీటర్లు చూడండి, అంటే 15 నుంచి 21 మెగాహెర్ట్జ్ ప్రాంతం. పొద్దు గూకే ముందు వెనకలు, తెల్లవారు జామున 25, 31 మీటర్లు. బాగా రాత్రయ్యాక 41, 49. మీటర్లని మెగాహెర్ట్జ్ చేయాలంటే 300ని దానితో భాగించండి. 31తో భాగిస్తే తొమ్మిదిన్నర చిల్లర, ఆ బ్యాండు అక్కడే ఉంటుంది.

పగలు పెద్ద అంకె ఎందుకంటే, ఫ్రీక్వెన్సీ పెరిగితే డి పొర తినేది తగ్గుతుంది. మరి ఇంకా పైకి పోతే ఇంకా మంచిదా? కాదు. ఒక హద్దు దాటితే ఎఫ్ పొర కూడా వంచలేదు, తరంగం సూటిగా అంతరిక్షంలోకి పోతుంది. ఎఫ్ఎం స్టేషన్లు అందుకే ఊరూరికీ వేరు. తీరప్రాంతంలో ఒక్కోసారి ఉక్కపోత సాయంత్రాల్లో ఎక్కడివో ఎఫ్ఎం స్టేషన్లు వచ్చి పోతుంటాయి. అది అయనావరణం పని కాదు, సముద్రం మీది కింది గాలి పొరలు చేసే తమాషా. రాత్రి ఎఫ్ పొర కూడా పల్చబడి ఆ హద్దు కిందికి దిగుతుంది కాబట్టి మనమూ అంకె తగ్గించుకుంటూ రావాలి.

ఇవి గీత గీసినట్టు ఉండే వేళలు కావు. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో పొర చిక్కబడి 13 మీటర్లు కూడా బాగా తెరుచుకుంటుంది. 2024 ప్రాంతంలో అలా శిఖరానికి చేరింది. ఏడాదిలో చూస్తే మన అక్షాంశాల్లో పై బ్యాండ్లకి మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు మంచివి. మార్చి, అక్టోబరుల్లోనే అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. గుళ్లో వాస్తు, పైన భౌతికశాస్త్రం, రెండింటికీ కారకుడు ఆయనే. నేను ఆ రోజుల్లో దర్శనానికి వెళ్లి వచ్చి, మధ్యాహ్నం 16 మీటర్లు పెట్టుకుంటాను.

వినపడకపోతే

ముందు ఇంట్లో దొంగలని పట్టండి. రేడియో కరెంటు అడాప్టరు, ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్, టీవీ పెట్టె, ఇవన్నీ రేడియోలో గుయ్యిమంటాయి. అనుమానం తీరాలంటే సెల్స్ వేసి, ఐదు నిమిషాలు మెయిన్ స్విచ్ కట్టేయండి. గోల సగం పడిపోతే దోషి ఇంట్లోనే ఉంది. ఒక్కొక్కటీ వేస్తూ పోతే దొరుకుతుంది. మా ఇంట్లో దొరికింది పూజగదిలోని చిన్న బల్బు! పడిపోకపోతే వీధి స్తంభం వైపు చూడండి. సముద్రపు ఉప్పు పట్టిన ఇన్సులేటర్లు చలికాలం మంచుకి చిటచిటలాడతాయి, ఒక మంచి వాన పడితే నిమ్మళిస్తాయి.

గొంతు అలల్లా పెరిగి తగ్గుతుంటే అది తప్పు కాదు. రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి కలుస్తాయి, ఒకసారి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. అయితే పొద్దు గూకిన గంటా రెండు గంటలకి గొంతు గజగజ వణికితే మాత్రం అది మన ప్రాంతపు ప్రత్యేకత. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర ఎఫ్ పొర సాయంత్రం పైకి లేచి, ఉడికే గంజిలా బుడగలు కడుతుంది. ఆ రేఖ కేరళ కొసన తుంబా మీదుగా పోతుందనే 1963లో మన మొదటి రాకెట్ ప్రయోగానికి ఆ ఊరిని ఎంచుకున్నారు. మనం దానికి కాస్త ఉత్తరాన ఉన్నాం, బుడగలు మనదాకా వస్తాయి. అవి తగ్గనిచ్చి మళ్లీ పెట్టండి.

పట్టపగలు బాగా పలుకుతున్న షార్ట్ వేవ్ మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోతే? సూర్యుడి మీద జ్వాల లేచి ఉంటుంది. ఆ ఎక్స్ కిరణాలకి డి పొర ఒక్కసారిగా చిక్కబడి అన్నీ మింగేస్తుంది. అరగంటో గంటో ఆగితే మొదట పై బ్యాండ్లు, తరువాత కిందివి తిరిగి వస్తాయి. మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి.

నోటుబుక్కులో తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, భాష, గొంతు బలం రాయండి. స్టేషన్‌కి రిపోర్టు పంపాలనుకుంటే టైము ప్రపంచ సమయంలో ఉండాలి, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేయండి. నచ్చితే వాళ్లు క్యూఎస్ఎల్ కార్డు, అంటే మీరు విన్నది నిజమేనని ఒప్పుకునే కార్డు, పంపుతారు.

తుపాను రోజుల్లో

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా మీద పడింది. కొబ్బరిచెట్లు వేర్లతో సహా లేచిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను టవర్లు లేవు. నా తీగ కట్టిన చెట్టూ పడిపోయింది. మిగిలిన తీగ ముక్కని విరిగిన గోడ మీద పరిచి, సెల్స్ రేడియోలో వార్తలు పెడితే వీధిలోని వాళ్లంతా అరుగు చుట్టూ చేరారు.

ఇలాంటప్పుడు హ్యామ్ రేడియో వాళ్లు, అంటే సరదాకి సొంత రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు, చేసే పద్ధతి ఒకటి చెప్పాలి. దూరానికి విసరకుండా, తీగని నేలకి దగ్గరగా కట్టి 7 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతారు. అది ఎఫ్ పొరకి తగిలి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర జల్లులా కిందికి పడుతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. కొండలు అడ్డం రావు, టవర్ అక్కర్లేదు. మాట్లాడాలంటే కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కావాలి, పరీక్ష రాయాలి. వినడానికి అవేమీ అక్కర్లేదు, ఎస్ఎస్‌బీ అనే మీట ఉన్న రేడియో, అంటే వాళ్లు పంపే తీరు మాటల్ని విప్పగలిగేది, ఉంటే చాలు. అది లేని రేడియోలో వాళ్ల మాటలు బాతుల గోలలా వినిపిస్తాయి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజునే తీగ దించి చుట్ట చుట్టేయండి. సెల్స్ రేడియోలోంచి తీసి, రేడియోని ఒక కవర్లో, సెల్స్‌ని ఇంకో కవర్లో మూతి కట్టి అటక మీద పెట్టండి. తీగ చుట్ట కూడా వాటి పక్కనే ఉండాలి, గాలి ఆగాక చీకట్లో వెతుక్కోనక్కర్లేకుండా.